రేడియేటర్ లావైతే సరా.. గాలి ఆడొద్దూ?
పాత పికప్‌లకు ఎండల గండం - గొట్టాల్లో పిడుగురాళ్ల సున్నం

పిడుగురాళ్ల: ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రెండు గంటలు. సత్తెనపల్లి వెళ్లే రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో ఒక పికప్ వ్యాన్ బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి. వెనుక 30 మిర్చి టిక్కీలు. టిక్కీ 40 కిలోల పైచిలుకు లెక్కన బరువు టన్ను దాటినట్టే. కేబిన్‌లోంచి దిగిన రైతు తలగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. డ్రైవరు చేతిలో బిందె. అందులో పక్కనున్న టీకొట్టు వాళ్లిచ్చిన బోరు నీళ్లు.

"సాయంత్రానికి యార్డుకు చేరతామా, బాబాయ్?" అని రైతు అడిగాడు. డ్రైవరు జవాబు చెప్పలేదు. ఆ పది రోజుల్లో బండి ఉడికిపోవడం అది మూడోసారి.

గుంటూరు మిర్చి యార్డులో బేరాలు పొద్దుటి పూట జరుగుతాయి. ముందు రోజే సరుకు దించుకుంటే మర్నాటి బేరానికి అందుతుంది. ఆ రోజు ఆ బండి చేరేసరికి తెల్లవారి పొద్దెక్కింది. రైతు ఇంకో పూట యార్డులో పడుకోవాల్సి వచ్చింది. డ్రైవరు కిరాయిలో కోత పడింది. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. "ఆ బండి నమ్ముకుంటే నడిదారిలో దించేస్తుంది" అన్న మాట ఊళ్లో పుట్టింది. సొంతబండి మీద బతికేవాడికి ఆ మాట ఇంజన్ పోయినదానితో సమానం.

బండి వయసు ఇరవై ఏళ్లకు దగ్గర. డ్రైవరే యజమాని. సెకండ్ హ్యాండులో కొన్నాడు. పంట కాలంలో మిర్చి, పత్తి, మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, సిమెంటు. ఇల్లు గడిచేది దాని మీదే. మాచర్ల, రెంటచింతల, గురజాల, దాచేపల్లి ప్రాంతాల్లో ఇలాంటి పాత పికప్‌లు కోకొల్లలు. ఎండలు ముదిరే కొద్దీ మెకానిక్ షెడ్ల ముందు వీటి వరుస పెరుగుతుంది.

పసుపు పోశాడు, మాటు వేయించాడు

మొదటిసారి ఉడికినప్పుడు రేడియేటర్ కింద చెమ్మ కనిపించింది. డ్రైవర్లు తరతరాలుగా చేసే చిట్కానే అతనూ చేశాడు. గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటర్‌లో పోశాడు. కారడం ఆగింది. పసుపు ఉబ్బి చిల్లిని మూసేస్తుంది, నిజమే. చిక్కేమిటంటే దానికి చిల్లి ఏదో, మంచి గొట్టం ఏదో తెలియదు. సన్నగొట్టాల్లో కూడా పేరుకుంటుంది. నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికి పనికొచ్చే ఉపాయమే గానీ వైద్యం కాదు.

రెండోసారి ఉడికాక రేడియేటర్ విప్పించి మాటు వేయించాడు. పాతకాలపు రేడియేటర్లలో ఈ సౌకర్యం ఉంది. ఇత్తడి ట్యాంకులు, ఇత్తడి గొట్టాలు, రాగి రెక్కలు. బిందెకు మాటు వేసినట్టే వీటికీ వేయొచ్చు. పై ట్యాంకు ఊడదీసి సన్నటి ఊచలతో గొట్టాలు పొడిచి శుభ్రం చేయొచ్చు. మరీ పాడైతే ట్యాంకులు ఉంచుకుని లోపలి కోరు మాత్రం మార్చుకోవచ్చు. కొత్తగా వచ్చే వాటిలో కోరు అల్యూమినియం, ట్యాంకులు ప్లాస్టిక్. తేలిక, చవక. కానీ ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మాటు పడదు. మార్చాల్సిందే.

ఈ బండి కోరు మాట్ల మీద మాట్లు పడి అప్పటికే చితికిపోయి ఉంది. "ఇది పనికిరాదు, వేరేది చూసుకో" అని పనివాడు చేతులెత్తేశాడు. ఆ మోడలుకు కొత్తది చుట్టుపక్కల దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణాలు తిరిగి, వేరే పెద్దబండి రేడియేటర్ ఒకటి బేరమాడి తెచ్చాడు. పాతదానికంటే రెట్టింపు లావు. నీళ్లూ ఎక్కువ పడతాయి. ఇక ఎంత ఎండైనా భయం లేదనుకున్నాడు.

లావు రేడియేటర్ ఇమడలేదు. ఫ్యాన్ రెక్కలు తగులుతున్నాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు కవరు అడ్డమని తీసి పక్కన పడేశారు. రబ్బరు బుష్షులకు చోటు లేక నేరుగా రేకుపట్టీలతో బిగించారు. ఖాళీ బండి గుంటూరు దాకా పోయి వచ్చింది. ముల్లు కదల్లేదు. లోడు వేశాక మొదటి ట్రిప్పుకే పిడుగురాళ్ల దాటగానే ఉడికింది. వేపచెట్టు కింద ఆగింది ఆ రోజే.

"గాలి ఏదయ్యా?"

మర్నాడు ఖాళీ బండిని పిడుగురాళ్లలో ఒక పాత మేస్త్రి షెడ్డుకు తోలుకెళ్లాడు. మేస్త్రి ముందు రేడియేటర్ జోలికి పోలేదు. ఇంజన్ నడిపించి, ఒక కాగితం ముక్క తీసుకుని ముందు జాలీ దగ్గర పెట్టాడు. గాలి సరిగా లాగుతుంటే కాగితం జాలీకి అతుక్కుని నిలబడాలి. అది జారి కింద పడింది.

"రేడియేటర్ లావైనదే తెచ్చావు. మరి గాలి ఏదయ్యా?" అన్నాడు మేస్త్రి.

"ఫ్యాను బాగానే తిరుగుతోంది కదా, మేస్త్రిగారూ?"

"తిరుగుతోంది. చుట్టూ కవరు లేదు కదా! వెనకున్న వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. ముందు గాలిని ఎక్కడ లాగుతోంది?"

ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రేడియేటర్ పని నీళ్లు నిలవ చేయడం కాదు, వేడిని గాలికి అప్పగించడం. ఇంజన్‌లో కాలిన డీజిలు శక్తిలో సుమారు మూడోవంతు చక్రాలు తిప్పడానికి పోతే, మూడోవంతు పొగగొట్టంలో పోతుంది. మిగిలిన మూడోవంతు వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్‌లో దించాలి. అక్కడి నుంచి దాన్ని ఎత్తుకుపోయేది గాలే. గాలి ఆడకపోతే ఎన్ని లీటర్ల నీళ్లు పట్టినా లాభం లేదు. ఉడకడం ఒక పది నిమిషాలు ఆలస్యమవుతుందంతే. ఖాళీ బండి ఉడకకపోవడానికి కారణమూ ఇదే. బరువు లేక ఇంజన్‌కు వేడి తక్కువ. వేగంగా పోతుంటే ఎదురుగాలే ఫ్యాన్ పని చేసిపెట్టింది. లోడుతో, మెల్లగా, ఎండలో పోయేటప్పుడు ఆ సాయం లేదు.

లావు విషయంలోనూ ఒక కిటుకు ఉంది. కోరులో గొట్టాలు ఒకదాని వెనుక ఒకటిగా వరుసలు వరుసలుగా ఉంటాయి. మొదటి వరుసకు చల్లగాలి తగులుతుంది. రెండో వరుసకు చేరేది అప్పటికే వేడెక్కిన గాలి. మూడో వరుసకు మరీ వేడిది. అందుకే రెట్టింపు లావుంటే రెట్టింపు చల్లబరచదు. పైగా గాలి దూరడం కష్టమవుతుంది. చోటుంటే ఎత్తు, వెడల్పు ఎక్కువున్నది మేలు.

రెంటచింతల ఎండ లెక్క

రాష్ట్రంలో ఎండ అనగానే అందరికీ గుర్తొచ్చే ఊరు రెంటచింతల. ఆ ఎండ రేడియేటర్‌ను ఎంత దెబ్బ తీస్తుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు.

ఇంజన్ నీళ్ల వేడి 95 డిగ్రీలనుకుందాం. బయట గాలి 30 డిగ్రీలుంటే తేడా 65. బయట 45 డిగ్రీలుంటే తేడా 50 మాత్రమే. రేడియేటర్ వదిలించే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. అంటే అదే బండి, అదే రేడియేటర్, ఏప్రిల్ మధ్యాహ్నం చేయగలిగే పని చలికాలంతో పోలిస్తే ముప్పావు వంతుకు కాస్త ఎక్కువ, అంతే. పుష్య మాసంలో ఏ ఇబ్బందీ లేని బండి వేసవిలో ఉడికిందంటే, రేడియేటర్ ఒక్కరోజులో చెడిపోయిందని కాదు. ఎన్నాళ్ల నుంచో తగ్గుతూ వచ్చిన బలం ఆ రోజు బయటపడిందని అర్థం.

గొట్టాల్లో ఉన్నది మన సున్నమే

మేస్త్రి పాత రేడియేటర్‌ను కూడా తెప్పించి, పై ట్యాంకు విప్పి చూపించాడు. గొట్టాల మూతుల చుట్టూ తెల్లటి గట్టి పొర. సగం గొట్టాలు పూడుకుపోయాయి. కొంచెం గీరి అరచేతిలో పెట్టి, నిమ్మకాయ పిండమన్నాడు. బుసబుసా పొంగింది.

"చూశావా? బట్టీల్లో కాల్చే రాయి లాంటిదే నీ బండిలోనూ పెరుగుతోంది" అన్నాడు.

అది ఒట్టి వేళాకోళం కాదు. ఈ ప్రాంతమంతా నేల కింద సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీలకు, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు అదే ఆధారం. ఆ రాతిపొరల్లో నుంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కగానే అది పొరకడుతుంది. నీళ్లు కాచుకునే కాగు అడుగున తెల్లగా పట్టేది ఇదే. రేడియేటర్‌లో, ఇంజన్ లోపలి నీటిదారుల్లో సన్నటి పొర పట్టినా చాలు, వేడి బయటికి పోవడం కష్టమవుతుంది.

బండి ఉడికిన ప్రతిసారీ బిందెడు బోరు నీళ్లు. ప్రతి బిందెతో ఇంకాస్త సున్నం. ఇంకాస్త సున్నం వల్ల మళ్లీ ఉడకడం. ఈ గొలుసు తెంచకుండా ఎన్ని రేడియేటర్లు మార్చినా రెండు వేసవులకు కథ మొదటికొస్తుంది.

కొందరు దొడ్లు కడిగే యాసిడ్ పోసి సున్నం కరిగిస్తామంటారు. అది సున్నంతోపాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. హెడ్డు అల్యూమినియందైతే దానికీ ముప్పే. రేడియేటర్ల కోసమే అమ్మే శుభ్రం చేసే మందు వాడి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగడం క్షేమం.

వేరే బండిది పెట్టేముందు

వేరే బండి రేడియేటర్ పెట్టడం తప్పేమీ కాదు. పాత బండ్లకు చాలాసార్లు అదే దారి. అయితే కొలతలు చూసుకోకుండా తెస్తే డబ్బు దండగ. దుకాణానికి పాత రేడియేటర్ వెంట తీసుకెళ్లడం ఉత్తమం. వీలుకాకపోతే బండి ముందు చోటును అట్టముక్క మీద గీసి, కత్తిరించి తీసుకెళ్లాలి.

చూడాల్సిన వాటిలో మొదటిది గొట్టాల మూతులు. పై గొట్టం కుడివైపా, ఎడమవైపా, ఎంత లావు అన్నది ఇంజన్ వైపుతో కలవాలి. మూతి చిన్నదైందని హోస్ పైపును మడిచి క్లిప్పు బిగిస్తే వేడికి ఊడొస్తుంది. రెండు కొలతలూ కలిపే తగ్గింపు ముక్క వేయాలి. కింది పైపులోంచి వాటర్ బాడీ నీళ్లు లాగుతుంటుంది కాబట్టి మెత్తటి పైపు వేస్తే చప్పిడిపోయి నీళ్లు ఆగిపోతాయి. గట్టిది, లోపల స్ప్రింగు ఉన్నదైతే మంచిది.

రెండోది ఫ్యాన్‌కు, కోరుకు మధ్య ఖాళీ. ఒక అంగుళం దాకా ఉండాలి. బ్రేకు కొట్టినప్పుడు, గుంటలో పడినప్పుడు ఇంజన్ ముందుకు ఊగుతుంది. ఖాళీ లేకపోతే ఫ్యాన్ రెక్క కోరును కోసేస్తుంది. ఫ్యాన్ కవరు తప్పకుండా ఉండాలి. పాతది సరిపోకపోతే రేకుతో కొత్తది చేయించుకోవచ్చు. రెక్కలు సగం లోపల, సగం బయట ఉండేలా అమర్చాలి.

మూడోది కూర్చోబెట్టే తీరు. మన రోడ్ల మీద లోడుబండి ఛాసిస్ మెలి తిరుగుతుంది. రేడియేటర్‌ను ఇనుముకు ఇనుముగా బిగిస్తే ఆ మెలిక దాని మీదే పడి అతుకులు విడిపోతాయి. కింద, పక్కల రబ్బరు బుష్షులు వేయాలి. చోటు కోసం ఛాసిస్ అడ్డపట్టీని కోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

నాలుగోది మూత. ఇది నీళ్లు ఒలకకుండా పెట్టే బిరడా అనుకోవడం పొరపాటు. లోపల ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వు ఇది. ఒత్తిడి పెరిగితే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి. 0.9 బార్ మూత సరిగా ఉంటే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోతే ఆ లాభం పోతుంది. కొన్ని బండ్లు ఉడకడానికి కారణం ఒట్టి మూతే. అలాగని పాత ఇత్తడి రేడియేటర్‌కు ఎక్కువ ఒత్తిడి మూత పెడితే మాట్లు, పైపులు పగులుతాయి. బండికి ఎంతది రాసి ఉంటే అంతదే వాడాలి.

రెక్కలు మరీ దగ్గరగా ఉన్న కోరు చూడ్డానికి బాగుంటుంది. మన దుమ్ముకు, కల్లాల పొట్టుకు అది ఇట్టే మూసుకుపోతుంది. పల్లెదారిన తిరిగే బండికి కాస్త ఎడంగా ఉన్న రెక్కలే మేలు. వారానికోసారి ఇంజన్ చల్లారాక వెనుక నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టి కడగాలి. జాలీకి అడ్డంగా పేర్ల పలకలు, పూలదండలు, గుడ్డ తెరలు కట్టడం మానుకోవాలి. దిష్టి నిమ్మకాయలు కట్టుకునేవాళ్లు బంపరుకు కట్టుకుంటే గాలికి అడ్డం రాదు.

థర్మోస్టాట్ పీకేయడం పరిపాటి అయింది. అది నీళ్లు 80 డిగ్రీలు దాటే దాకా దారి మూసి ఉంచి ఇంజన్‌ను తగినంత వేడెక్కనిస్తుంది. అది లేకపోతే ఇంజన్ చల్లగా నడిచి డీజిలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువ. చెడిపోతే కొత్తది వేయించుకోవాలి తప్ప తీసి పారేయకూడదు.

తప్పు రేడియేటర్‌ది కాకపోతే

ఎంత మంచి రేడియేటర్ వేసినా ఉడుకుతుంటే తప్పు వేరేచోట ఉంది. చల్లారిన ఇంజన్ మూత తీసి, స్టార్టు చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఇంజన్ ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారిందా? సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా పోతోందా? ఇలా ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, హెడ్డు వంగి ఉండొచ్చు. అలాంటి బండికి రేడియేటర్ కొనడం జ్వరం వేరే ఉంటే తలకు నూనె రాసినట్టే. వాటర్ బాడీ, ఫ్యాన్ బెల్టు బిగువు కూడా ముందే చూపించుకోవాలి.

మీటరు ముల్లు పనిచేయని పాత బండ్లు బోలెడు. రేడియేటర్‌తోపాటు దాన్నీ బాగు చేయించుకోవాలి. ఆవిరి కనిపించేదాకా తెలియకపోతే అప్పటికే ఆలస్యం. నీళ్లు పూర్తిగా పోతే ముల్లు కూడా నిజం చెప్పదని గుర్తుంచుకోవాలి. దాని కొన నీళ్లలో మునిగి ఉంటేనే వేడి సరిగా తెలుస్తుంది.

మూత దగ్గర తొందర వద్దు

ఉడికిన బండి దగ్గర అందరూ చేసే మొదటి పని మూత తిప్పడం. ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత వదలగానే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. ముఖం, మెడ, చేతులు కాలిపోతాయి. గుడ్డ కప్పి తిప్పితే చాలుననుకోవడం భ్రమ. ఇంజన్ ఆపి కనీసం అరగంట ఆగాలి. పై పైపు చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాకే మూత ముట్టుకోవాలి. సలసలకాగే ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగిలే ప్రమాదమూ ఉంది.

ఎవరికైనా కాలితే వెంటనే చల్లటి నీటిధార కింద 20 నిమిషాలు ఉంచాలి. సిరా, పేస్టు, పసుపు పూయకూడదు. పొక్కులు చిదపకూడదు. ముఖం, కళ్లు కాలితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏం పోయాలి?

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఇదే సరైన పాళ్లు. "ఇక్కడ నీళ్లు గడ్డకట్టవు కదా, కూలెంట్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. కూలెంట్ మరిగే వేడిని పెంచుతుంది. ఇనుము తుప్పు పట్టకుండా, అల్యూమినియం తినిపోకుండా కాపాడుతుంది. మనకు అవసరమైంది ఆ గుణమే. ఇనుము, రాగి, అల్యూమినియం కలిసి ఉన్న ఇంజన్‌లో ఒట్టినీళ్లు పోస్తే తుప్పు తొందరగా పడుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. కూలెంట్ విషం. రుచికి తియ్యగా ఉండడంతో కుక్కలు, పశువులు నాకుతాయి. పిల్లలూ తాగొచ్చు. తీసిన కూలెంట్‌ను కుడితి తొట్టి దగ్గర, వాకిట్లో పారబోయకూడదు. ఖాళీ డబ్బాలో మంచినీళ్లు పట్టుకోకూడదు.

నింపేటప్పుడు బండి ముందు చక్రాలు మిట్ట మీద ఉండేలా నిలబెట్టాలి. మెల్లగా పోస్తూ, ఇంజన్ నడుస్తుండగా బుడగలు పోయేదాకా ఆగాలి. లోపల గాలి ఇరుక్కుంటే కొత్త రేడియేటర్ కూడా ఉడుకుతుంది. మొదట ఖాళీగా పది కిలోమీటర్లు, తర్వాత సగం లోడు, ఆ తర్వాత పూర్తి లోడు. ప్రతిసారీ చల్లారాక మట్టం చూసుకోవాలి.

మళ్లీ యార్డు దారిన

ఆ డ్రైవరు లావు రేడియేటర్‌ను తిరిగి ఆటోనగర్‌కు మోసుకెళ్లాడు. దుకాణదారు కొంత తగ్గించుకుని మార్చి ఇచ్చాడు. ఈసారి వెంట అట్టముక్క ఉంది. తెచ్చింది పాతదానంత లావే, వెడల్పు మాత్రం నాలుగు వేళ్లు ఎక్కువ. మేస్త్రి రేకు కత్తిరించి ఫ్యాన్ కవరు చేశాడు, రబ్బరు బుష్షులు వేశాడు, మూత, పైపులు, థర్మోస్టాట్ కొత్తవి పెట్టాడు. ఇంజన్ లోపల కడిగితే రెండు బకెట్ల ఎర్రనీళ్లు, సున్నపు పెచ్చులు వచ్చాయి. చివర్లో జాలీ దగ్గర కాగితం పెట్టి చూశాడు. ఈసారి అతుక్కుంది.

వారం తిరక్కుండా అదే రైతు మిగిలిన టిక్కీలు వేసుకుని మళ్లీ అదే బండి ఎక్కాడు. "ఈసారైనా చేరతామా, బాబాయ్?" అన్నాడు నవ్వుతూ. వేపచెట్టు దగ్గర బండి ఆగింది, టీ కోసం. కొట్టు కుర్రాడు అలవాటుగా బిందె తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. డ్రైవరు వద్దని చెయ్యి ఊపి, సీటు వెనుక ఉన్న డిస్టిల్డ్ వాటర్ డబ్బా చూపించాడు. దాని మూత ఇంకా తీయలేదు.

దీపాలు పెట్టే వేళకు బండి గుంటూరు యార్డు గేటు దాటింది.